గీత బయట రాధారాణిగారు

రాధారాణిగారు రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉన్నారంటే అమెరికాలోని మా ఇర్వింగ్‌లో ఎవరూ నమ్మరు. నేను నమ్ముతాను. కళ్ళారా చూశాను కాబట్టి.

ఆవిడకి యాభై ఆరేళ్ళు. లాస్ కొలీనాస్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. అంటే తప్పులు పట్టడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగరు. మా ఆడవాళ్ళ త్రోబాల్ టీమ్ పెట్టింది ఆవిడే. వలకి ఇవతల ఏడుగురం, అవతల ఏడుగురు. వచ్చిన బంతిని కింద పడకుండా పట్టి, వెంటనే తిరిగి విసరాలి. అంతే ఆట. ఆ పట్టడం దగ్గరే మాకు మూడేళ్ళుగా చుక్కలు కనపడుతున్నాయి. ప్రతి టోర్నమెంట్‌లోనూ మొదటి మ్యాచ్‌తోనే ఇంటిదారి. తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తీసే అవసరమే ఉండేది కాదు.

కిందటేడు మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టర్ ఆవిణ్ని ఇక ఆడొద్దన్నాడు. "అయితే కోచ్‌నవుతా" అన్నారు. మేం మొహమొహాలు చూసుకున్నాం. వాలీబాల్ నేర్పే కుర్రాణ్ని ఎవరినైనా పెట్టుకుందామన్న గుసగుస ఒకటి ఆవిడ చెవిన పడింది. వెంటనే గ్రూపులో మెసేజ్: "ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్ గెలిపిస్తా. లేదా నేనే తప్పుకుంటా." పౌరుషం గల మనిషి. కానీ శనివారం పొద్దున్న ఈ టీమ్ లేకపోతే ఆవిడ ఏమైపోతారో మాకందరికీ తెలుసు.

మొదటి నెల... అబ్బబ్బ! కోర్టు గీత బయట నిలబడి ఒకటే అరుపులు. "గిరిజా, మోకాళ్ళు వంచు! అంకితా, నిద్రపోతున్నావా!" ఆ అంకితని నేనే. బంతిని చూడాలా, ఆవిణ్ని చూడాలా? ఒళ్ళు మండి, "మీరే వచ్చి ఆడండి" అనేశాను. ఆపరేషన్ అయిన మనిషితో అనాల్సిన మాటేనా అది? ఆవిడ మొహం చిన్నబోయింది. వారమంతా నాకు అన్నం సయించలేదు.

తర్వాతి రెండు ఆదివారాలు ఆవిడ రిక్రియేషన్ సెంటర్‌లో కోచ్‌ల కోసం పెట్టిన క్లాసుకి వెళ్ళొచ్చారు. శనివారం మా ముందు నిలబడి, "చెప్పడం తగ్గించి అడగడం నేర్చుకోమంది ఆ టీచరు. అడిగి, జవాబొచ్చేదాకా నోరు మూసుకోవాలట. ఆ మూసుకోవడమే నా వల్ల కావట్లేదే!" అన్నారు. అందుకని ప్రశ్న వేయడం, సీసా ఎత్తి నోటినిండా నీళ్ళు పోసుకుని బుగ్గలు పూరించి నిలబడడం. నవ్వలేక చచ్చాం.

నవ్వాం గానీ ఆ నీళ్ళే పని చేశాయి. మా వైపుకొచ్చిన బంతి ఎప్పుడూ గిరిజగారికీ దేదీప్యకీ మధ్యనే పడుతుంది. ఇద్దరూ చూస్తూ నిలబడతారు. గిరిజగారికి నలభై ఎనిమిది. ఇక్కడే పుట్టిన దేదీప్యకి పంతొమ్మిది, కాలేజీ పిల్ల. ఇదివరకైతే ఇద్దరికీ తలంటేవారు. ఈసారి, "ఇప్పుడేమైందమ్మా?" అని అడిగి నీళ్ళు పోసుకున్నారు.

బుగ్గలు పూరించుకుని మా వంకే చూస్తున్నారు. చివరికి దేదీప్య నసిగింది. "ఐ మీన్... ఆంటీ ముందు నుంచి బాల్ తీసుకుంటే రూడ్ కదా? మా మమ్మీ చంపేస్తుంది."

"ఓసి పిచ్చిదానా! చిన్నపిల్లవి, ఛాన్స్ ఇద్దామని నేను వదిలేస్తున్నానే!" అన్నారు గిరిజగారు.

మూడేళ్ళుగా మమ్మల్ని ఓడిస్తున్నది మర్యాదన్నమాట! రాధారాణిగారు ఫక్కుమన్నారు. నోట్లో నీళ్ళన్నీ నా టీషర్ట్ మీద. "మరి ఏం చేద్దాం?" అన్నారు మూతి తుడుచుకుంటూ.

"ముందు ఎవరు 'నాది' అని అరిస్తే బాల్ వాళ్ళది. పెద్దా చిన్నా పార్కింగ్ లాట్‌లో చూసుకుందాం" అని గిరిజగారే తేల్చేశారు.

పాపం, దేదీప్యకి అరవడం ఓ పట్టాన రాలేదు. మొదట్లో "నాది, ప్లీజ్" అనేది.

ఏప్రిల్ టోర్నమెంట్. మొదటి మ్యాచ్‌లో చెరో సెట్ గెలిచాం. మూడో సెట్‌లో మాకు పద్నాలుగు, వాళ్ళకి పదమూడు. ఇంకొక్క పాయింట్ చాలు. రాధారాణిగారు టైమవుట్ తీసుకున్నారు.

"మీకేం కనిపిస్తోంది?" అంతే అడిగారు.

"వాళ్ళ ఎడమ మూల ఖాళీగా ఉంది" అన్నాను నేను. "ఆ మూల అమ్మాయి అలిసిపోయింది కూడా" అన్నారు గిరిజగారు. "నాకు దొరికితే అక్కడికే త్రో చేస్తా" అంది దేదీప్య. ఆవిడ ఏదో చెప్పబోయేలోపే మేం కోర్టులోకి పరిగెత్తాం.

బంతి సరిగ్గా గిరిజగారికీ దేదీప్యకీ మధ్యకే వచ్చింది. గీత బయట రాధారాణిగారు రెండు చేతులతో నోరు నొక్కుకున్నారు.

"నాదీ! జరగండి ఆంటీ!" దేదీప్య కేకకి జిమ్ దద్దరిల్లింది. గిరిజగారు పక్కకి గెంతారు. ఆ పిల్ల పట్టింది. మూలకి విసిరింది. బంతి నేలని తాకింది.

గెలిచాం! ఎగిరాం, కావలించుకున్నాం. రాధారాణిగారు కుర్చీలో కూలబడి ఏడుస్తూ నవ్వుతున్నారు. "'గిరిజా పట్టు' అని అరవబోయానే! అరిచుంటే కొంప మునిగేది!"

అంతలో వాలంటీర్ ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. "తర్వాతి రౌండ్‌కి మీ కోచ్ పేరు రాసుకోవాలండీ. ఎవరు?"

ఏడుగురం ఒకేసారి ఆవిడ పేరు అరిచాం. అందరికంటే ముందు అరిచింది నేనే.