పెనుకొండలో మా వసంతపు హై టీ

మా పడుచు రోజుల్లో, ఆకలేస్తోందని పైకి ఒప్పుకునే మనిషి మా వైపు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఎవరింటికైనా పోతే, వాళ్లు తినమన్నప్పుడు ముందు "ఇప్పుడే తినొస్తిమప్పా" అనాలి. మళ్లీ అడిగితే "కడుపులో జాగా లేదు" అనాలి. చేయి పట్టుకొని కూర్చోబెడితే అప్పుడు "సరే, నీ మాట తీసెయ్యలేక" అంటూ కూర్చొని, ఇంటివాళ్లకు మిగలకుండా తినాలి. మొదటి మాటకే కూర్చున్నవాడి పెంపకం మీద అనుమానం వచ్చేది. ఇంతటి ఏర్పాటును ఒక్క సాయంత్రంలో రద్దు చేయబోయిన ఘనుణ్ణి నేను. ఇప్పటి పిల్లలు ఫోన్లో పూలబొమ్మల ఆహ్వానం పంపి, ఫలానా ఆదివారం సాయంత్రం టీ ఫలహారాల హై టీ అంటే చాలు, అందరూ వచ్చి ఎవరి ప్లేటు వాళ్లు నింపుకొని ఫోటోలు దిగుతున్నారు. అది చూసినప్పుడల్లా, దీన్ని మన జిల్లాకు తెచ్చిందే నేను అంటుంటాను. (జిల్లాకు కాదులెండి, పెనుకొండకు. పెనుకొండకు కూడా కాదు, మా అద్దె ఇంటి ముందు గదిలోకి.)

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. మా నాయనకు హిందూపురంలో చిల్లర అంగడి, మా మామకు ధర్మవరంలో పట్టుచీరల అంగడి. నేను ఆ రెండూళ్లకూ నడుమ పెనుకొండలో, ఒక ఆఫీసులో అధికారిని. (గుమాస్తాను.) మా పెళ్లిలోనే వియ్యంకులిద్దరికీ చెడింది. కారణం ఒక ఓళిగ. కోస్తావాళ్లు బొబ్బట్టు అంటారే, అదే. భోజనాల బంతిలో మా నాయన ఆకులో ఒకటి పడింది. రెండోది వేయించుకోమని ఎవరూ అడగలేదు. ఆయన కాసేపు చూసి, ఆకు మడిచి లేచిపోయాడు. "వియ్యంకునికి ఇంకో ఓళిగ పెట్టే గతి లేదా?" అని మావాళ్లు, "అడిగి పెట్టించుకునేదానికి నోరు లేదా?" అని వాళ్లు. అంతటితో రాకపోకలు ఆగిపోయాయి. దెబ్బ తగిలింది మాత్రం నా భార్యకు. "ఆ గడప తొక్కితే మళ్ల నా గడప తొక్కొద్దు" అని మా నాయన తేల్చేశాడు. ధర్మవరం వైపు పోయే రైలు కూత వినబడితే ఆమె చేతిలో పని ఆపి నిలబడేది. ఉగాది దగ్గరికొచ్చింది. పెళ్లయ్యాక వచ్చే మొదటి ఉగాది, పుట్టింట్లో చేసుకోవాలని ఆమె ఆశ. నోరు తెరిచి నన్ను అడగలేదు. అడిగి పోట్లాడి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ రోజుల్లోనే, బెంగళూరు నుంచి కొత్తగా వచ్చిన మా పెద్దాఫీసరు భార్య తమ ఇంట్లో వసంతకాలం పేరు చెప్పి హై టీ ఇచ్చింది. నన్నూ పిలిచారు. (కుర్చీలు వేయడానికి.) కుర్చీలు వేసి గోడవార నిలబడి చూశాను. బల్లనిండా పూలు, పూల మధ్య తినుబండారాలు. వచ్చినవాళ్లు తమకు కావలసింది తామే తీసుకొని తింటున్నారు. ఎవరూ ఎవరినీ తినమనడం లేదు, ఎవరి మొహంలోనూ అలక లేదు. నాకు ఒళ్లు పులకరించింది. వడ్డించేవాడే లేనిచోట, వడ్డించలేదని అలిగేవాడెక్కడుంటాడు? వియ్యంకులిద్దరినీ ఇలాంటి బల్ల ముందు కూర్చోబెడితే తగాదాకు మూలమే ఉండదు కదా!

ఇంటికొచ్చి నా భార్యకు వివరించాను. ఆమె అంతా విని, "అడక్కుండా ఎవురు తింటారండీ?" అంది. "అది పాతకాలపు మాట. నువ్వు టీ పొయ్యి, నోరు మాత్రం తెరవొద్దు" అన్నాను. ఆమె వాదించలేదు. "మా నాయన వస్తాడంటారా?" అని మాత్రం అడిగింది.

ఇద్దరికీ, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా, పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తున్నారని, ఆదివారం రమ్మని కబురు పెట్టాను. (వచ్చింది నాతోటి గుమాస్తాలిద్దరు, ఇంటి ఓనరమ్మ.) ఆ ఆదివారం ముందు గదిని నందనవనం చేశాను. అంటే, గోడలకు వేపపూత కొమ్మలు, కిటికీలకు మామిడి పిందెలు, బల్లమీద నా పసుపు పెళ్లిపంచె. కీరకాయ ముక్కలు పెట్టిన బ్రెడ్డు, బెంగళూరు కేకు (హిందూపురం బేకరీది), మామిడికాయ చిత్రాన్నం. ఇవి కాక, నేను వద్దన్నా వినకుండా, నా భార్య ఒక గంపెడు ఓళిగలు చేసింది. చిత్రాన్నంలో వేపపూత రాలుతుంటే, అదే వసంతమని సర్దిచెప్పాను.

ముందు మా నాయన వచ్చి కూర్చున్నాడు. తర్వాత మా మామ వచ్చి, గడపలోనే ఆగి, కూతురి మొహం చూసి లోపలికొచ్చి ఎదుటి గోడవార కూర్చున్నాడు. ఇద్దరూ చెరొక కిటికీలోంచి బయటికి చూడసాగారు. నేను గొంతు సవరించుకొని ఉపన్యాసం ఇచ్చాను. "ఇది హై టీ. ఇందులో ఎవురూ ఎవుర్నీ బలవంతం చేయకూడదు. కావల్సింది మీరే తీసుకొని తినండి."

"ఇప్పుడే తినొస్తి" అన్నాడు మా నాయన.

"నేనూ అంతే" అన్నాడు మామ, కిటికీతో.

"ఆకలే లేదప్పా" అన్నారు గుమాస్తాలు, ఓనరమ్మ.

"సరే, మీ ఇష్టం" అన్నాను నేను, పెద్దాఫీసరు భార్య లాగా నవ్వుతూ.

అంతే. రెండోసారి అడిగే దిక్కు లేదు గనుక ఎవరూ కదల్లేదు. హిందూపురం నుంచి ఒకరు, ధర్మవరం నుంచి ఒకరు, మధ్యాహ్నం సరిగా తినకుండా వచ్చి, ఓళిగల గంపను ఓరకంట చూస్తూ కూర్చున్నారు. గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది. నా భార్య వంటింటి వాకిట్లో నిలబడి నావైపు చూసింది. నేను వేలు నోటిమీద పెట్టి చూపించాను. చివరికి మా మామ లేచాడు. "రైలు టైమయితాంది. పోయొస్తా పాపా."

వియ్యంకుడు మా ఇంట్లో మెతుకు ముట్టకుండా గడప దాటితే ఇక ఈ జన్మకు రాకపోకలు లేనట్టే. నా భార్య కళ్లనిండా నీళ్లు. (ఇక్కడ నేనొక చక్కటి మాట అన్నానని చాలాకాలం చెప్పుకున్నాను. ఏమీ అనలేదు. బల్లమీది పంచె మడత సరిచేస్తున్నాను.)

లేచింది మా నాయన. "రేయ్, పక్కకు జరుగు! నీ టీ, నువ్వూ!" అని నన్ను తోసి, గంపలోంచి రెండు ఓళిగలు ప్లేటులో వేసి, మామ ముందుకు చాచాడు. "కూచోప్పా బావా. నా కొడుకింటికి వచ్చి వట్టి కడుపుతో పోతావా? నోరు మూసుకొని తిను."

"నీ కొడుకిల్లేంది? ఇది నా కూతురిల్లు. ముందు నువ్వు తిను" అని మామ ఇంకో ప్లేటు అందుకున్నాడు. అందుకున్నవాడు కాస్తా ఆగిపోయాడు. "ఆ పొద్దు కూడా రెండో ఓళిగ నా చేతిలోనే ఉండె బావా. నేనే స్వయంగా వేద్దామని తెస్తాంటి. వచ్చేలోపల నువ్వు ఆకు మడిచేస్తివి. నీ ఈపు వెనకాల అట్లే నిలబడితి."

"ఈపుకు కండ్లుంటాయా? ముందరికొచ్చి నిలబడల్ల గదప్పా!" అన్నాడు మా నాయన, తన చేతిలోని ప్లేటు మామ చేతిలో పెడుతూ. ఆ తర్వాత నువ్వు తినంటే నువ్వు తినని వాళ్లిద్దరూ చేసిన గలాటాకు, గుమాస్తాలు కూడా ధైర్యం తెచ్చుకొని చిత్రాన్నం గిన్నె ఖాళీ చేశారు. చేయి కడుక్కుంటూ మా నాయన, కోడలివైపు చూడకుండా, "పాపను ఈ రైలుకే పిల్చుకొని పో బావా. ఉగాది అయినాక పిల్చుకొచ్చేదానికి నేనే వస్తా. నీ ఇంట్లో ఎట్ల పెడతావో చూడల్ల" అన్నాడు. ఆమె అప్పటికే సంచి సర్దుకునేదానికి లోపలికి పరుగెత్తింది.

ప్లాట్‌ఫారం మీద రైలు కదిలాక కూడా మా నాయన కిటికీ పట్టుకొని నడుస్తూ మామకు ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె నవ్వుతూ నాకు చేయి ఊపింది. అంత నవ్వు పెళ్లిపీటల మీద కూడా చూడలేదు. తర్వాత నాయనను హిందూపురం బస్సెక్కించి ఇంటికొచ్చాను. పెళ్లాం లేని ఇల్లు, గుట్టగా ఎంగిలి ప్లేట్లు, ఎవరూ ముట్టని కీరకాయ బ్రెడ్డు. పాట పాడుకుంటూ అవన్నీ కడిగానంటాను గానీ, ఓనరమ్మ ఇచ్చిన గాజు గ్లాసు ఒకటి పగిలినప్పుడు కొంచెం ఏడుపొచ్చిన మాట నిజం. వేపపూత నెత్తిన రాలుతుంటే, ఎండిపోయిన బ్రెడ్డు నములుతూ, వియ్యంకులను కలిపింది తానేనని మురిసిపోతూ కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడికి మంచి చెడ్డ ఏమీ తెలియదు. తెలిసినవాళ్లు వాడి చుట్టూ ఉన్నారు. అంతకుమించి వాడికి కావలసింది ఏముందని?