మా గల్లీ గోడ మీద గేటవ్వ

మా మేనత్త రేడియో వింటున్నప్పుడు ఇంట్లో ఎవరూ గిన్నె చప్పుడు కూడా చేసేవాళ్లు కాదు. ఇది ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్ బజారులో కింద మా బట్టల దుకాణం, పైన ఇల్లు. బాపు దుకాణం చూసుకునేవాడు. ఆయన చెల్లెలు, అంటే నా మేనత్త, పైనే ఉండేది. చిన్నతనంలో జ్వరం వచ్చి ఆమె ఎడమకాలు చచ్చుబడింది. గోడ పట్టుకుని ఇల్లంతా తిరిగేది, వంట చేసేది, కుట్టుపని చేసేది. మెట్లు మాత్రం దిగేది కాదు. దిగలేక కాదు. బజారులో పదిమంది తన నడక చూడటం ఆమెకు ఇష్టం లేదు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు దాటాయి, నాకు పన్నెండు.

ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ఒక ధారావాహిక వచ్చేది. అందులో ఒక ముసలామె, ఊరికి దూరంగా రైలు గేటు కాస్తుంటుంది. అందరూ ఆమెను గేటవ్వ అంటారు. రైలు వచ్చే ముందు గేటు పడుతుంది. అటూ ఇటూ ఆగిపోయిన మనుషులు, పెళ్లికి పోయేవాళ్లు, కోపం వచ్చి ఇల్లు విడిచినవాళ్లు, కొడుకును వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, రైలు వెళ్లేదాకా ఆమెతో మాట్లాడక తప్పదు. ఆ కాసేపట్లోనే కథంతా. చివరికి రైలు దడదడా వెళ్లిపోయేది, గేటు లేచేది. ఆగిన మనిషి ముందుకు పోవాలా, వెనక్కి తిరగాలా అన్నది అప్పటికి తేలిపోయేది. గేటవ్వ ఎవరికీ నీతులు చెప్పేది కాదు. ఒకటే ప్రశ్న అడిగి, మళ్లీ పట్టాల వైపు తిరిగి నిలబడేది. ఆ గొంతు వింటుంటే మా అత్త చేతిలో సూది ఎక్కడిది అక్కడే ఆగిపోయేది.

ఒక ఆదివారం నేను అమ్మతో పెళ్లికి పోయి ఆ వారం కథ వినలేకపోయాను. సాయంత్రం ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చుంటే అత్త నా ఒళ్లో ఒక అట్ట పెట్టింది. బట్టల తాను చుట్టి వచ్చే అట్ట అది, ఒకవైపు తెల్లగా ఉంటుంది.

"నువ్వు ఇనలే గదా బిడ్డా. ఇగో, సదువుకో" అంది.

పైన బొమ్మ. పడి ఉన్న గేటు, దాని మీద ఎర్ర సిరాతో పట్టీలు. మనకు వీపు చూపుతూ నిలబడ్డ గేటవ్వ, చేతిలో చిక్కుడాకు పసరుతో రంగు వేసిన పచ్చజెండా. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ వారం కథ మొత్తం. అత్త బొమ్మలు వేస్తుందని నాకు అంతవరకు తెలియదు. ఆమె అంత అందంగా రాస్తుందనీ తెలియదు. చదువుతుంటే రేడియో విన్నట్టే ఉంది.

మరునాడు పొద్దున దాన్ని కిందికి తీసుకుపోయి బాపుకు చూపించాను. ఆయన చేతిలో గజం బద్ద పట్టుకునే చదవడం మొదలుపెట్టాడు. రవికె గుడ్డ కోసం వచ్చిన ఒకామె, "జర పైకి సదువు సేటూ, మేం గుడ ఇంటం" అంది. ఆయన పైకి చదివాడు. కొలతకు పరిచిన గుడ్డ అట్లాగే ఉంది. వెనక నలుగురు చేరారు. కథ అయిపోయాక బాపుకు తను దుకాణంలో ఉన్న సంగతి గుర్తొచ్చింది.

"గిది తీస్కపోయి గల్లీల గోడకు పెట్టు పిల్లా. గిరాకీ అంత ఆగమైతాంది" అన్నాడు.

అట్లా మా దుకాణం పక్క గల్లీలో, చూరు కింద, మేకుకు తగిలించిన ఆ అట్టతో మొదలైంది. ప్రతి సోమవారం కొత్త అట్ట. రాసింది ఎవరో దాని మీద ఉండేది కాదు. అత్త వద్దంది.

మొదట్లో దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. తర్వాత దానికోసమే వచ్చేవాళ్లు. మా ఊళ్లోనే కాశిబుగ్గ నుంచి ఒక ముసలి నేతకారుడు సైకిల్ వెనక జంపఖానాలు కట్టుకుని సోమవారాలు మా దుకాణానికి వచ్చేవాడు. మగ్గం చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు పెద్దదైపోయింది. చదువు రానివాళ్ల కోసం ఆయనే పైకి చదివేవాడు. గేటవ్వ మాటలు వచ్చినప్పుడు గొంతు తగ్గించి, నెమ్మదిగా. అప్పుడు గల్లీలో ఒక్కరూ కదిలేవాళ్లు కాదు.

సరిగ్గా ఆ గోడ పైనే మా కిటికీ. అత్త కిటికీ కింద నేల మీద కూర్చుని వినేది. తను రాసిన మాటలు ముక్కూ మొహం తెలియని మనిషి గొంతులో కింద నుంచి పైకి వస్తుంటే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అట్లాగే ఉండిపోయేది.

"నేను రాసినయే గానీ, నాయి కానట్టే ఉన్నయి పిల్లా" అంది ఒకసారి. ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉండటం చూశాను.

ఒక వారం కథలో, నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకుని ఎడ్లబండి గేటు దగ్గరికి వస్తుంది. రైలు దగ్గరికొచ్చింది. గేటవ్వ గేటు తీయదు. బండి కిందే, రైలు చప్పుడులో, బిడ్డ పుడుతుంది. ఆ సోమవారం గల్లీలో పెద్ద గొడవ. సాయంత్రానికి ఎవరో అట్ట కింద గోడ మీద సుద్దతో "అవ్వ తప్పు చేసింది" అని రాసిపోయారు. మర్నాడు దాని కింద ఇంకెవరో "రైలుల ఉన్నోళ్లు మనుషులు కారా?" అని రాశారు. ఆ కింద మరొకరు "ఆడిపిల్లనా మొగపిల్లగాడా?" అని. నేను గోడంతా చదివి పైకి పరుగెత్తి అత్తకు చెప్పాను. పై సోమవారం అట్ట మీద అత్త ప్రతి మాటకూ జవాబు రాసింది. అప్పటినుంచి గోడ కింద ఒక డబ్బాలో సుద్దముక్కలు పెట్టడం నా పని. గోడ నిండేది. వాన కడిగేది. మళ్లీ నిండేది.

గేటవ్వకు పిల్లలున్నారా, ఆమెది ఏ ఊరు, కూరలో చింతపండు వేస్తుందా అని అడిగేవాళ్లు. ముఖం ఎందుకు గీయడం లేదని అడిగేవాళ్లు. అత్త రాసింది: "నేను గొంతే విన్నాను. వినని ముఖం ఎట్లా గీయాలి?" కాజీపేటలో కాపురముండే ఒక రైలు గార్డు ప్రతి అట్టనూ కాగితం మీద ఎక్కించుకుని పోయేవాడు. దక్షిణాన ఎక్కడో ఒక స్టేషన్ చాయ్ బండికి ఆ కాగితం అతికించి ఉండటం చూశానని మా దుకాణానికి వచ్చిన వ్యాపారి ఒకాయన చెప్పాడు. ఆ మాట అత్తకు చెప్పాను. ఆమె లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లి, ఆ ఊరు ఎటువైపో చూపించమంది. కిటికీలోంచి ఆ దిక్కుకు చాలాసేపు చూసింది.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఎండకు కమిలిన ముఖం, చేతిలో గుడ్డసంచి. అట్ట ముందు చాలాసేపు నిలబడింది. నేను పక్కనుంచి పోతుంటే, "బిడ్డా, నాకు సదువు రాదు. ఏం రాసిండ్రో జర చెప్పు" అంది. చదివాను. ఆమె బొమ్మలోని జెండాను వేలితో తాకింది.

"గిది రాసినాయన ఏడుంటడు?"

"ఆయన కాదు, మా అత్త. పైన ఉంటది" అన్నాను.

"నేను గేటుదాన్నే బిడ్డా. కేసముద్రం ఇవతల గేటు" అంది ఆమె.

నేతకారుడు అక్కడే ఉన్నాడు. భుజం మీది జంపఖానా కిందికి దించి, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. బాపు గద్దె దిగి బయటికొచ్చి, ఆమెకు స్టూలు వేయించి, పైకి చూసి పిలిచాడు.

"చెల్లె, నీకోసం గేటామె వచ్చింది. పైకి తోలియ్యమంటవా?"

నేను మెట్ల దగ్గరికి పోయి చూశాను. అత్త పై మెట్టు మీద కూర్చుని ఉంది. కూర్చునే, రెండు చేతులూ ఆనించి, ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతోంది. బాపు ఎదురెళ్లి భుజం ఇచ్చాడు. ఆ భుజం పట్టుకుని, కాలు ఈడుస్తూ, గల్లీలో అంతమంది చూస్తుండగా అత్త ఆమె దగ్గరికి నడిచింది. గేటామె లేచి నిలబడింది.

"కూసో అక్కా" అంది అత్త.

"మా ఆయన పట్టాల పనిల పోయిండు చెల్లె. ఆ కొలువు నాకిచ్చిండ్రు" అని గేటామె మొదలుపెట్టింది. "గేటేస్తె చాలు, తిట్టెటోళ్లే అందరు. ముండమోపి అడ్డమొచ్చింది అనెటోళ్లు. నేను తల వంచుకొని ఉండేదాన్ని. గీ నడుమ ఏమాయెనో ఏమో, బండ్లోళ్లు ఆగి, గేటవ్వా తిన్నవా, గేటవ్వా పానం మంచిగున్నదా అని అడుగుతాండ్రు. మక్కకంకులు ఇచ్చిపోతాండ్రు. మొన్న నాకు జరమొస్తె దవాఖానకు బండి గట్టిండ్రు. ఎందుకో నాకు సమజ్ కాకపాయె. నాకు రేడియో లేదు చెల్లె. ఆ కథ నేను ఒక్కనాడు ఇనలే. గార్డు సారు చెప్తె తెల్సింది, రేడియోల నా అసొంటామె ఒకామె ఉన్నదని, వరంగల్ల ఆమె బొమ్మ పెట్టిండ్రని."

అత్త కళ్లు పెద్దవయ్యాయి. గేటవ్వ ఎవరో ఎక్కడో కూర్చుని ఊహించిన మనిషి. ఆమెను మేము ప్రేమించాం, అంతే. ఆ ప్రేమ గాలిలో ఎట్లా పోయిందో పోయి, ఆ కథ విననే వినని ఈమె ఇంటి ముందు మక్కకంకులై దిగింది. ఇప్పటికీ ఇది తలచుకుంటే నాకు అంతుపట్టదు.

నేతకారుడు ఉండబట్టలేక, "ఇగ ఈమెను జూసి అవ్వ ముఖం గియ్యి బిడ్డా" అన్నాడు.

"ఈమె ఈమెనే తాతా. అవ్వ అవ్వనే" అంది అత్త. తర్వాత గేటామెను అడిగింది: "అక్కా, రైలు పక్కపొంటి పోతాంటె ఎట్లుంటది?"

"వచ్చి సూడరాదు?"

పత్తి బండ్ల కాలం మొదలయ్యాక వెళ్లాం. బాపు, అత్త, నేను. ప్యాసింజరులో కేసముద్రం దిగి, బండి మాట్లాడుకుని గేటు దగ్గరికి చేరాం. చిన్న గది, ముందు ఒక రాతి అరుగు. అత్తను అరుగు మీద కూర్చోబెట్టాం. లోపల ఫోను గంట మోగింది. గేటామె మాట విని, బయటికొచ్చి చక్రం తిప్పింది. గేట్లు దిగాయి. మార్కెట్‌కు పోయే పత్తి బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ఒకాయన బండి మీదనుంచే "గేటవ్వా, సుట్టాలొచ్చిండ్రా?" అని అడిగాడు.

"నా చెల్లె వచ్చింది" అంది ఆమె. పచ్చజెండా తీసుకుని పట్టాల వైపు తిరిగి నిలబడింది.

మొదట చప్పుడు లేదు. అరుగు కొద్దిగా వణికింది. అత్త రెండు చేతులూ రాయికి ఆనించింది. కంకర గలగలమంది. ఎడ్లు చెవులు ఎత్తాయి. ఆ వెంటనే ఇంజను మా ముందునుంచే దూసుకుపోయింది. గాలి కొట్టి అత్త కొంగు ఎగిరిపోయింది, బండ్ల మీది పత్తి పింజలు ఆకాశంలోకి లేచాయి. డబ్బా వెనక డబ్బా, కిటికీల్లో ముఖాలు, ఒక్కటీ పట్టుకోలేనంత వేగం. ఆ హోరులో గేటామె కదలలేదు. జెండా ఒక్కటే కొట్టుకుంటోంది. చివరి డబ్బాలోంచి గార్డు తన జెండా ఊపాడు. ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. పత్తి పింజలు మెల్లగా మా మీద పడ్డాయి.

అత్త చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి పెట్టి చూపించింది.

"రేడియోల గింతనే ఇనవడ్తది అన్నా" అంది బాపుతో.

గేటామె అత్తను నడిపించుకుపోయి చక్రం మీద చేయి వేయించింది. గోడలు పట్టుకుని తిరిగి తిరిగి అత్త చేతులు గట్టిపడ్డాయి. ఇద్దరూ కలిసి తిప్పితే గేట్లు పైకి లేచాయి. బండ్లు కదిలాయి.

రేడియోలో ఆ ధారావాహిక మరుసటి ఏడు ముగిసింది. ఆ తర్వాత అట్టలు కొన్నాళ్లు కథ లేకుండా వట్టి బొమ్మలతో నడిచి ఆగిపోయాయి. ఇప్పుడు నా దగ్గర ఒక్కటీ లేదు, చెదలు తినేశాయి. అత్త మాత్రం రోజూ కిందికి దిగి దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టింది. బజారులో ఎవరి బోర్డు మీద అక్షరాలు రాయాలన్నా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. గేటామె వరంగల్ వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే అన్నం తినేది.

గేటు చూడటానికి పోయిన ఆ రోజు సాయంత్రం ప్యాసింజరులో తిరిగొస్తుంటే అత్త కిటికీ పక్కన కూర్చుంది. పొద్దు వాలుతోంది. ఒక గేటు వచ్చింది. పక్కన ఎవరో జెండా పట్టుకుని నిలబడి ఉన్నారు, వెనక్కి జారిపోయారు. కొంత దూరం పోయాక మరో గేటు, మరో మనిషి. ఇంకో గేటు దగ్గర జెండాకు బదులు అప్పుడే వెలిగించిన దీపం. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు రైలెక్కానో, వాళ్లను నేనెప్పుడూ చూడలేదు. అత్త కిటికీ చువ్వల్లోంచి చేయి బయటపెట్టి, ఒక్కొక్కరికీ ఊపుతోంది. కొందరు తిరిగి ఊపారు.

"గింతమంది ఉన్నరా!" అంది, మావైపు తిరగకుండానే.