చేతులు తీసినా నిలిచిన విమానం

మొన్న సూరత్ నుంచి హైదరాబాదుకు వస్తుంటే, మేఘాల్లో విమానం ముక్కు ఒక్కసారి కిందికి వంగి, మళ్ళీ తనంతట తానే సర్దుకుంది. పక్కసీటు పెద్దమనిషి ఉన్న దేవుళ్ళందరినీ తలుచుకుంటూ నా చెయ్యి పట్టేసుకున్నాడు గానీ, నేను మాత్రం పెళ్ళికొచ్చిన వియ్యంకుడిలా దర్జాగా కూర్చున్నాను, ఎందుకంటే ఆ ముక్కును సర్దే విద్యను కరోనా రోజుల్లో మా అమ్మాయి సూరత్ లింబాయత్ పేటలోని మా ఒంటిగది ఇంట్లో, నా కళ్ళముందే సాధించింది.

మగ్గాలన్నీ ఆగిపోయి, వాటిని బాగుచేసే మాబోటివాళ్ళం ఆ చప్పుడు లేక చెవులు చిన్నబోయి కూర్చున్న కాలమది. ఇంజనీరింగు చివరి ఏడు చదువుతున్న మా అమ్మాయి, ఇంట్లో కంప్యూటరు మీద నడిపే విమానం ఆటలో, నడిపేవారు చేతులు తీసేసినా ముక్కు పైకీ కిందికీ ఊగకుండా ఎగిరే ఏర్పాటు చేసి అయ్యవార్లకు వీడియోలో చూపించాలి. కుదరకపోతే ఏడాది పోయినట్టే. చుట్టాలేమో ఆడపిల్ల పొద్దస్తమానం ఆటలాడుతోందని ఆడిపోసుకునేవారు.

ఆ విమానం సూరత్‌లో లేచి డుమాస్ సముద్రం చేరేలోపే ఉయ్యాల ఊగేది. చూసి చూసి నా నోరు ఊరుకోలేదు. మగ్గం మీద పడుగు దారాలు వదులైతే, అవి చుట్టి ఉండే బీముకు బరువు పెంచి బిగించడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య కదా, "జర గట్టిగ గుంజమను బిడ్డా, అదే దారికొస్తది" అన్నాను. పాపం, బాపు మాట కాదనలేక అలాగే చేసింది. విమానం ఇంతెత్తున ఎగిరి, ముక్కు మీద నేరుగా సముద్రంలో పడింది.

అమ్మాయి నవ్వలేదు. విమానాన్ని మళ్ళీ ఎగరేసి చూసి, "ఇది మగ్గం గాదు బాపూ, గుంజంగనే తిరగదు, జర టైం తీస్కుంటది. ముక్కు ఎంత వంగిందని ఒక్కటే గాదు, ఎంత జోరుగ వంగుతున్నదో చూసి అడ్డుకోవాలె" అంది. మా కార్ఖానాలో నాకు ఎదురు చెప్పి నెగ్గినవాడు లేడు. సొంత కూతురు నెగ్గితే మాత్రం ఛాతీ ఉప్పొంగింది.

పరీక్ష రోజు మా ఇంటామె చప్పుడవుతుందని కుక్కరు కూడా దించేసింది. అయ్యవార్లు చెప్పగానే బిడ్డ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆటలో గాలి రేపమన్నారు, ఒక్క మీట నొక్కి రేపింది. ముక్కు కాస్త వంగి, కొంచెం లేచి, నిలిచింది. "మరి ఇప్పుడు దాన్ని ఎవరు నడుపుతున్నరు?" అని ఇంటామె నా చెవిలో గుసగుసలాడితే, "నీ బిడ్డే" అన్నాను.

ఇప్పుడు తను బెంగళూరులో, పైలట్లు పని నేర్చుకునే నకలు విమానాలు తయారయ్యే చోట పనిచేస్తోంది. ఎదురైనవాడికల్లా చెప్పుకుంటాను, నాకేం సిగ్గు. మగ్గాలు మళ్ళీ మోగుతున్నాయి గానీ, కొత్తవాటికి బరువులు వేలాడదీసే పని లేదు, పడుగును అవే సరిచూసుకుంటాయి. ఆదివారాలు ఫోనులో తన పని గురించి బిడ్డ చెబుతుంటే ఊ కొడతాను, సగం కూడా అందదు. ఆ రోగపు రోజులు మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు గానీ, ఒకే తెర ముందు పక్కపక్కన కూర్చుని తప్పో ఒప్పో ఒక మాట చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు తప్పు చెప్పడానికైనా నాకు అందులో ఏమీ తెలియదు.