నురగత్త సబ్బు సీసా

పిల్లల కేన్సర్ వార్డులో ఆయాను అందరూ నురగత్త అనేవారు. ఆ పేరు పెట్టింది మా చిన్నది. చేతులు కడిగించేటప్పుడు ఆవిడ పిల్లల ముక్కు కొసన కాస్త నురగ అంటించేది. గుమ్మం దాటాలంటే పెద్ద డాక్టరైనా సరే ఆవిడ ముందు చేతులు చాపాల్సిందే.

“ఏం బాబూ, వేళ్ల సందులు మీ ఆవిడొచ్చి కడగాలా?” అనేది నన్ను.

“నాన్నకి సున్నా మార్కులు!” మంచం మీంచి చిన్నది అరిచేది.

మందుల వల్ల దాని రక్తంలో తెల్లకణాలు దాదాపు లేవు. అవి మళ్లీ పెరిగేదాకా ఏ క్రిమీ దాన్ని చేరకూడదు. మా అందరి పనీ అదే.

నురగత్త చిన్నప్పటి నుంచీ హోటళ్లలో అంట్లు తోమిన మనిషి. సబ్బు అయిపోతే యజమానుల చేత చీవాట్లు తిన్నది. అందుకే సింకు దగ్గరి సీసా సగానికి దిగితే చాలు, డబ్బాలోంచి తెచ్చి పైన నింపేసేది. అడుగున మిగిలింది పారబోయడానికి చెయ్యి వచ్చేది కాదు.

“నేనుండగా ఈ సీసా ఖాళీ అవ్వదు,” అనేది గొప్పగా.

ఒక మధ్యాహ్నం చిన్నది చలేస్తోందంది. సాయంత్రానికి ఐసీయూలో ఉంది. ఆ వారంలోనే నేనూ మా ఆవిడా, ఇద్దరమే ఇంటికి తిరిగొచ్చాం.

కొన్నాళ్లకు, అక్కడే ఉండిపోయిన దాని చెప్పుల కోసం వెళ్లాను. నర్సు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. వార్డంతా పరీక్ష చేశారట. చిన్నదాని రక్తంలో దొరికిన క్రిమే సబ్బు సీసా అడుగునా దొరికిందట. కడగకుండా పైపైన నింపుతూ పోతే అడుగున మిగిలిన పాత సబ్బులో క్రిములు పెరుగుతాయట.

“నింపమన్నాం సార్. ఖాళీ చేసి కడగాలని ఎవ్వరం చెప్పలేదు.”

నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. చెప్పుల సంచీ పట్టుకుని బయటికొచ్చాను.

సింకు దగ్గర గోడకు కొత్త సబ్బు పెట్టె బిగించారు. అయిపోతే లోపలి సంచీ తీసేసి కొత్తది పెట్టడమే, నింపే పనిలేదు. నురగత్త దాని పక్కన నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

“నా చేత్తోనే పోశాను బాబూ.”

లోపలికెళ్లి చూడ్డానికి ఇప్పుడు నాకు ఎవరూ లేరు. అయినా సంచీ కింద పెట్టి చేతులు చాపాను.

ఆవిడ కాసేపు వాటినే చూసింది. తర్వాత సబ్బు వేసి వేళ్ల సందులు రుద్దడం మొదలుపెట్టింది, ఒక్కొక్కటే. నీళ్లు చల్లగా ఉన్నాయి. కుళాయి కట్టేద్దామని ఇద్దరమూ అనలేదు.