అఖిలాండం గొంతులోని ముక్క

అఖిలాండం గొంతు మీద గడ్డలు లేచి నాలుగేళ్లు దాటింది. మొదట చింతగింజంత ఒకటి, ఏడాది తిరిగేసరికి దాని పక్కన ఇంకొకటి. మింగితే రెండూ పైకీ కిందికీ ఆడేవి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఉన్న బాధంతా మనుషులతోనే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆమె మొహం వదిలేసి గొంతుతో మాట్లాడేవారు. "పెద్దదైనట్టుందే" అని ఒకరు, "లేదులే, పోయిన ఆడిమాసంలో చూసినట్టే ఉంది" అని ఇంకొకరు, ఆమె ఎదుటే, సంతలో గుమ్మడికాయ బేరం చేసినట్టు.

వైద్యాలకు మాత్రం లోటు లేదు. చోళపురం నుంచి వచ్చిన దూరపు చుట్టం సున్నమూ పసుపూ కలిపి పట్టు వేయించింది. గడ్డ గడ్డలాగే ఉంది, చుట్టూ తోలు ఊడింది. పక్కింటామె నల్లదారం కట్టించింది. దారం కింద గడ్డ ఇంకా ఎత్తుగా కనపడింది.

ఇవన్నీ అఖిలాండం ఓర్చుకుంది. 1963 ఎండాకాలంలో గొంతు బొంగురుపోయినప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయింది. తమిళనాట సత్రపట్టిలో ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేసే కొట్టంలో ఆమె పని. మడతలు వేసి చుట్టే ఎనిమిది మంది ఆడవాళ్ల మీద ఆమె పెద్ద. అన్ని మగ్గాల చప్పుడు మీద ఆమె కేక గేటు దాకా వినపడేది. ఇప్పుడు ఎంత కేక వేసినా బొంగురు గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆ ఎనిమిది మందీ వినపడనట్టు వెనక్కి తిరిగి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ వారమే ఆమె మొగుణ్ణి మదురైకి లాక్కుపోయింది.

మొగుడు తిరుమలసామి పత్తి చేలు చేసే మనిషి. పొగరుబోతు ఎద్దును ముక్కుతాడు పట్టి ఆపగలడు గాని, ఆసుపత్రి మందు వాసన తగిలితే గోడ పట్టుకుంటాడు. అందుకని తోడుగా అతని అక్క బొమ్మి కూడా బయల్దేరింది, చింతపండు అన్నం మూటతో. బొమ్మి చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చి, తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది. ఆ ఇంట్లో ఆచారమన్నది ఏదైనా ఆమె చేతి మీదుగానే జరగాలి.

డాక్టరు గడ్డలు రెండూ వేళ్లతో పట్టి చూశాడు.

"ఇది మంచి గడ్డో చెడ్డ గడ్డో పైనుంచి చెప్పలేనమ్మా. గొంతు మారింది గనుక ఊరుకోకూడదు. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలి."

"చెడ్డదైతే?" అంది అఖిలాండం.

"అయితే పెద్ద ఆపరేషన్. ముందు ముక్క సంగతి చూద్దాం."

మర్నాడు పొద్దున బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు సూది గొంతులోనే పొడిచారు. పక్కనున్న పళ్లెంలో కట్టుగుడ్డ చూసి అఖిలాండం తల తిప్పింది.

"ఇది ఎవరు నేసినారు? పోగులు ఊడి వస్తా ఉండాయి."

"నోరు మూసుకోండమ్మా, కత్తి గొంతు మీద ఉంది" అంది నర్సు.

కట్టు కట్టాక డాక్టరు తిరుమలసామిని పిలిచి, మాటకు సంబంధించిన నరం దగ్గరే కోశానని, పదిహేను రోజులు ఆమె నోరు తెరవకూడదని చెప్పాడు. తిరుమలసామి మొహంలో వచ్చిన వెలుగు అఖిలాండం చూసింది. మనసులో పెట్టుకుంది.

తర్వాత నర్సు ఒక చిన్న సీసా ఇచ్చింది. మందునీళ్లలో శనగగింజంత ముక్క. దాన్నీ చీటీనీ రెండు వీధుల అవతలి పరీక్షశాలలో ఇవ్వమంది. సీసా చూడగానే తిరుమలసామి గోడ పట్టుకున్నాడు.

"నీ వల్ల కాదులే తంబి. నువ్వు దానికాడ కూర్చో, నేను ఇచ్చేసి వస్తాను" అని బొమ్మి సీసా తీసుకుపోయింది. అరగంటలో తిరిగి వచ్చింది.

"ఇచ్చినావా?"

"అయిపోయింది, పోదాం రా."

ఇక ఇంట్లో మొదలైంది అసలు శిక్ష. ఆమె మాట్లాడకూడదు గనుక అందరూ ఆమె తరఫున మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమెకు చింతచారు కావాలి, బొమ్మి గంజి పోసింది. "గంజే బాగుందంట" అని తమ్ముడికి చెప్పింది. చూడటానికి వచ్చినవాళ్లు గంటలు గంటలు కూర్చుని, గొంతు గడ్డతో పోయిన వాళ్ల కథలన్నీ చెప్పి, బదులు రాకపోయేసరికి ఓపికగల మనిషని మెచ్చుకుని పోయారు. పసుపు నూరే చిన్నరాయి కనపడలేదు. వంటిల్లంతా వెతికింది, చేత్తో నూరినట్టు చూపించి బొమ్మిని అడిగింది. "తలనొప్పా? శొంఠి పట్టు వేసేదా?" అంది బొమ్మి, నుదుటి మీద వేసేసింది కూడా.

పన్నెండో రోజు తిరుమలసామి రిపోర్టుకు మదురై పోయాడు. ఆ పన్నెండు రోజులూ అఖిలాండం ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మంచిదా, చెడ్డదా. ముద్ద మింగిన ప్రతిసారీ గడ్డ పైకి లేచి అదే అడిగేది.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన మనిషి తిన్నగా అక్క ముందు నిలబడ్డాడు.

"అక్కా, అట్లాంటి సీసా రానే లేదంటారు. పుస్తకం అంతా తిరగేసి చూపించినారు. ఎవరికిచ్చినావు?"

బొమ్మి చాటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"నేను ఇచ్చినానని చెప్పలేదే. అయిపోయింది అన్నాను."

"ఏమి అయిపోయింది?"

"ఇంటి ఆడదాని ఒంటి ముక్క ఊరుకాని ఊర్లో ఎవనికో ఇచ్చేదా? గోరు తీస్తే మనం వీధిలో పారేస్తామా? తల దువ్వుకున్న వెంట్రుకలు ఒకరి చేతికి ఇస్తామా? నీ బొడ్డుపేగు కూడా నేనే పూడ్చినాను. దీన్నీ తెచ్చి మునగచెట్టు కింద, ఆడనే పూడ్చినాను."

అఖిలాండం వంటింటి గడపలో నిలబడి అంతా వింది. గోరూ వెంట్రుకా బయటివాళ్ల చేతిలో పడితే చేతబడి చేస్తారని ఆ ఇంట్లో భయం. అది ఆమెకు తెలియనిది కాదు. ఆమె వెంట్రుకలు కూడా పదహారేళ్లుగా ఆ చెట్టు కిందికే పోతున్నాయి. అయినా ఇప్పుడు కడుపులో ఉన్న మాటలన్నీ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చి నిలిచాయి. ఇంకా మూడు రోజులుంది. చేతిలో ఉన్న ఇత్తడి చెంబును నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ పోయి బొమ్మి కాళ్ల దగ్గర ఆగింది. బొమ్మి దాన్ని తీసి తుడిచి, బోర్లించి పెట్టింది.

"సరి, పోనీ. మళ్లా కోయించేది వద్దు" అన్నాడు తిరుమలసామి. "అక్క చేసింది తప్పే గాని, ఇది సామి వద్దని చెప్పినట్టు కూడా ఉండాది. దానికీ ఇష్టం లేదు, చూడు, నోరు తెరవలేదు."

అఖిలాండం పొయ్యిలోంచి బొగ్గు తీసింది. ఆ ఇళ్లలో మాట తెలుగైనా రాత తమిళం. ఆమెకు వచ్చింది మూడో తరగతి దాకా. సున్నం వేసిన కొత్త గోడ మీద అరచేయంత అక్షరాలతో "పోవేన్" అని రాసింది. పోతాను అని. తిరుమలసామి చదివి, చెరపబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

రెండు రోజులకే, గడువు తీరకముందే, మళ్లీ అదే బల్ల. రెండోసారి కోయాల్సి వచ్చినందుకు డాక్టరు తిట్టిన తిట్లన్నీ తిరుమలసామే తిన్నాడు. పదిహేను రోజుల మౌనం మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి సీసా నర్సు చేతిలోంచి నేరుగా అఖిలాండం తీసుకుంది. తన కొట్టం నుంచి తెచ్చుకున్న కట్టుగుడ్డలో, పోగు ఊడని దానిలో చుట్టి, చీరకొంగులో ముడివేసింది. గొంతుకు కట్టుతో ఎండలో రెండు వీధులు నడిచింది. మొగుడు వెనక. అతని వెనక బొమ్మి, పెదాలు బిగించుకుని. కిటికీలోని మనిషి ఇది ఎవరిదని అడిగాడు. అఖిలాండం తన గొంతు చూపించింది. అతను పుస్తకంలో రాసేదాకా ఆమె కదలలేదు.

పదకొండో రోజు మొగుణ్ణి వెంటబెట్టుకుని తనే పోయి, డాక్టరు ఎదుట కూర్చుంది. అతను ఇంగ్లీషు కాగితం చదివి తిరుమలసామి వైపు తిరగబోతే, బల్ల మీద వేలితో కొట్టి తన వైపు తిప్పుకుంది.

"చెడ్డది కాదమ్మా" అన్నాడు డాక్టరు. "గడ్డలు ఉంటాయి. మాత్ర వేసుకుంటూ ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి. గొంతు నెమ్మదిగా సర్దుకుంటుంది. గడువు తీరేదాకా మాత్రం మౌనం."

బస్సులో ఊరు చేరేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. కళ్లు తుడుచుకుంటుంటే దుమ్ము పడిందనుకుని తిరుమలసామి అద్దం దించాడు.

పదహారో రోజు పొద్దున బొమ్మి స్నానం చేసి, తాంబూలం తట్ట ముందు పెట్టుకుని, అఖిలాండం ఎదుట వచ్చి కూర్చుంది. పడాల్సిన తిట్లేవో పడి లేచిపోదామని. పక్కింటామె కూడా గోడ దగ్గర పనేదో కల్పించుకుంది.

అఖిలాండం గొంతు సవరించుకుంది. మాట బొంగురుగానే వచ్చింది, కాని వచ్చింది.

"వదినె, ఆ గుంత లోతుగా తవ్వినావా? కుక్కలు తోడేస్తాయి."

బొమ్మి ఊపిరి వదిలింది.

"లోతుగానే తవ్వినాను. పైన రాయి కూడా పెట్టినాను."

"ఏం రాయి?"

"పసుపు నూరేది, ఆ చిన్నది."

ఆ తర్వాత అఖిలాండం గొంతు గేటు దాకా కాదు, వీధి చివర కాఫీ కొట్టు దాకా వినపడింది. బయట అరుగు మీద తిరుమలసామి తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని పడుకున్నాడు.