అమ్మకు వడమాలపేటలో పుట్టిల్లు

ఆ రోజుల్లో ఖాకీ గుడ్డ కంటబడితే చాలు, నా కాళ్ళు నా మాట వినకుండా వడ్ల గాదె వెనక్కి వెళ్ళిపోయేవి. పోలీసు సంగతి సరే, పోస్ట్‌మ్యాన్‌ను చూసి దాక్కున్నాను, తిరుపతి బస్సు కండక్టరును చూసి దాక్కున్నాను, ఒకసారి ఖాకీ నిక్కరు వేసుకుని పలకాబలపం అడగడానికి వచ్చిన మా క్లాసు పిల్లవాణ్ణి చూసి కూడా దాక్కున్నాను (వాడు పలక తీసుకోకుండానే వెళ్ళిపోయాడు పాపం). మిగతా పిల్లలకు దయ్యాలంటే భయం, లెక్కల మాష్టారంటే భయం. నాకున్నది ఒకటే భయం. ఎవడో ఖాకీ మనిషి వచ్చి, మా అమ్మను తీసుకుపోయి మద్రాసులో ఓడ ఎక్కించేస్తాడని.

మా అమ్మది బర్మా. నాయన చిన్న వయసులోనే రంగూన్ వెళ్ళి, బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదురుకుని, మిల్లు గేటు దగ్గర పూలమ్మే ఆవిడ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. నేనూ అక్కడే పుట్టాను. డెబ్బైల మొదట్లో అక్కడ మనవాళ్ళకు బతుకు కష్టమైపోయి, నాయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని వడమాలపేటకు వచ్చేశాడు. ఆయనకు కాగితాల చిక్కు లేదు. ఆయన బిడ్డను కాబట్టి నాకూ లేదన్నారు. అమ్మ ఒక్కతే పరదేశి. ఆమె ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు ఒక్క ఏడాది. అంటే ఓడెక్కాల్సి వస్తే ఆమె ఒంటరిగా ఎక్కుతుందన్నమాట. నాకు చిక్కు లేదని అందరూ సంతోషంగా చెబుతుంటే నాకు గుండె జారిపోయేది.

చిత్తూరు ఆఫీసులో నాయనకు రెండు దారులు చెప్పారు. ఏటేటా వెళ్ళి గడువు పెంచుకోవడం ఒకటి. అప్పుడు బర్మా కాగితం అమ్మ దగ్గరే ఉంటుంది, ఎప్పుడైనా వెళ్ళి వాళ్ళమ్మను చూసి రావచ్చు. కానీ ఏ ఏడాది ‘ఇక చాలు, బయల్దేరండి’ అంటారో చెప్పలేం. రెండోది, ఆ కాగితం వదులుకుని ఈ దేశపు మనిషిగా రాయించుకోవడం. అప్పుడు ఆమెను ఎవరూ కదిలించలేరు, బర్మావాళ్ళు కూడా ఆమెను మళ్ళీ పుట్టింటి గడప తొక్కనివ్వరు. మూడో దారి మాత్రం మా స్టాంపుల మామ కనిపెట్టాడు. పుత్తూరు రిజిస్ట్రారు ఆఫీసు ముందు స్టాంపు కాగితాలు అమ్మే ఈ మామకు తెలియని చట్టం లేదని మా వీధి నమ్మకం.

“ఏంటికప్పా నీకు ఈ తలనొప్పి? ఆ యమ్మ చీర కడతాది, బొట్టు పెట్టుకుంటాది, సంగటి గెలుకుతాది. గమ్మునుండు. ఎవురన్నా అడిగితే మా ఊరి పిల్లే అను. బర్మా అని మొగం మీద రాసుండాదా?” అన్నాడు మామ.

(నిజానికి రాసి ఉన్నది ముఖం మీదే. కానీ మామ చెప్పాక ఆ సంగతి ఎవరికీ కనబడలేదు.) నాయన ఆ మాట కొట్టిపారేశాడు. మిగిలిన రెండు దారుల్లో ఏది కావాలని అమ్మను అడిగితే “మీ ఇష్టం” అంది. నేను మాత్రం అన్నం మానేసి, రెండోదే, రెండోదే అని రెండు రోజులు ఏడ్చాను. నాయన రెండోదానికే దరఖాస్తు పెట్టాడు.

నాయనను కన్న మా అవ్వకు మాత్రం మూడో దారే నచ్చింది. కొడుకుతో ఆ ముక్క చెప్పలేదు, వీధి మొత్తానికి చెప్పింది. నన్ను కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పించుకునేది. “పాపా, మీయమ్మ యాడ పుట్టింది?” “ఈడే అవ్వా.” “తప్పు చెప్పినావంటే ఓడెక్కిచ్చేస్తారు, జాగర్త!” ఎక్కాలు రాని నాకు ఈ ఒక్క జవాబు నిద్రలో లేపి అడిగినా వచ్చేది.

ఒకరోజు పొద్దున, నాయన తిరుపతిలో బట్టల కొట్టు పనికి వెళ్ళిన తరువాత, ఆ దరఖాస్తు మీద విచారణకు చిత్తూరు నుంచి ఎస్సై వచ్చాడు. నేను ఎక్కడున్నానో వేరే చెప్పాలా. గాదె సందులోంచి ఆయన బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. గొంతు నెమ్మదిగానే ఉంది.

“అవ్వా, ఈ ఇంట్లో బర్మా ఆమె ఉండాదంట, పిలువు.”

“బర్మానా? అట్లాంటోళ్ళు ఎవురూ లేరు సామీ. ఉండేది నా కోడలు ఒకతే. నా తమ్ముని కూతురు. మేనరికం. ఇదో, వీడే ఆ పిల్లను కన్నోడు.”

అరుగు మీద వక్కాకు నములుతూ కూర్చున్న అవ్వ తమ్ముడు జన్మలో పెళ్ళి చేసుకోలేదు. మేమంతా బ్రహ్మచారి తాత అనేవాళ్ళం. ఆయనకు నమిలేది గొంతుకు అడ్డం పడింది. రెండు దగ్గులు దగ్గి, “అవును సామీ, నా బిడ్డే” అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. పురుడు పోసింది నేనే అని ఒకామె, ఊయల్లో వేసి పాట పాడింది నేను అని ఇంకొకామె, వీధి వీధంతా వచ్చి సాక్ష్యం చెప్పేసింది.

ఎస్సై తాపీగా ఫైలు విప్పాడు. “నీ కొడుకు రంగూన్‌లో బర్మా ఆమెను పెండ్లి చేసుకున్నానని సంతకం పెట్టి ఇచ్చినాడు. ఈమె నీ తమ్ముని కూతురైతే, ఆ యమ్మ యాడ? రెండు పెండ్లిండ్లు చేసుకున్నాడా? లేకుంటే ఆ యమ్మను ఏమన్నా చేసినాడా?”

సాక్ష్యం చెప్పినవాళ్ళంతా ఒక్కో అడుగు వెనక్కి వేశారు. అవ్వ ఉన్నచోటే చతికిలబడింది. అమ్మను వంటింట్లోంచి పిలిచారు. చేతినిండా సంగటి పిండితో వచ్చి నిలబడింది.

“నువ్వు బర్మా ఆమెవేనా? ఏదీ, ఆ భాషలో ఒక మాట మాట్లాడు, విందాం.”

బయటివాళ్ళ ముందు ఆ భాష నోట రానివ్వొద్దని అవ్వ ఎన్నో నెలలుగా హెచ్చరించి ఉంది. అమ్మ తల వంచుకుని, “నాకేమీ తెల్దు సామీ” అంది. అంత చక్కని వడమాలపేట మాట మా వీధిలో పుట్టినవాళ్ళకు కూడా రాదు.

ఎస్సై ఫైలు మూసి టోపీ చేతిలోకి తీసుకున్నాడు. “సరే, మొగుడు ఆడికే వస్తాడులే. అందరూ చిత్తూరికి పదండి. నువ్వు కూడా రామ్మా.”

నా బుర్రలో చిత్తూరు, మద్రాసు, ఓడ మూడూ ఒకటే. గాదె వెనకనుంచి ఎలా వచ్చానో తెలియదు. అమ్మ కాళ్ళు చుట్టుకుని ఒక్కటే అరుపు. “అమే, మత్వానె! అమే, మత్వానె!” అమ్మా, వెళ్ళొద్దు అని. అవ్వ నేర్పిన జవాబు, బడిలో నేర్చిన తెలుగు, ఒక్కటీ ఆ సమయానికి నాతో లేవు. అమ్మ కూడా సంగటి చేతులతోనే నన్ను ఎత్తుకుని, ఇన్ని నెలలుగా దాచుకున్న భాషంతా నా చెవిలో పోసేసింది. ఏడుపూ, లాలింపూ, కసురుకోవడమూ అన్నీ అందులోనే.

ఎస్సై మళ్ళీ కూర్చుని పెన్ను తీశాడు. అవ్వ లేచి, “పిల్ల భయపడి ఏందో అరిసింది సామీ, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దండి” అని బతిమాలింది.

“అవ్వా, నువ్వు ఇంకొక్క మాట మాట్లాడినావంటే నీ కోడల్ని నిజంగానే పంపిచ్చేస్తారు. గమ్మున కూర్చో” అని ఆయన నవ్వు ఆపుకుంటూ, ఆ బర్మా ఆమె ఈమేనని రాసుకున్నాడు.

ఆ తరువాత అమ్మ ఈ దేశపు మనిషేనని కాగితం వచ్చేదాకా గడిచిన నెలలు ఎలా గడిచాయో చెప్పను, చెప్పినా నమ్మరు. కానీ వచ్చింది. అవ్వ మాత్రం పోయేదాకా “ఆ పోలీసాయన తప్పు రాసుకోని పోయినాడు” అనే అనేది. బ్రహ్మచారి తాత ఏటా ఉగాదికి అమ్మకు పుట్టింటి చీర తెచ్చేవాడు. ఎందుకు తాతా అంటే, “పోలీసోళ్ళ ముందర ఒప్పుకున్న్యాక తప్పుతుందా పాపా?” అనేవాడు.

కాగితం వచ్చిన రోజు అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందని అవ్వ ఆమె నోట్లో బెల్లం ముక్క పెట్టింది. నేను వీధంతా గంతులేశాను. నా పెళ్ళయి, నేను అత్తారింటికి బయల్దేరే రోజున ఎందుకో ఆ సంగతి గుర్తొచ్చి, “ఆ రోజు సంతోషంతోనే కదమ్మా ఏడ్చింది?” అని అడిగాను. అమ్మ నా చీర కుచ్చిళ్ళు సర్దుతూ, “మాయమ్మ గుర్తొచ్చింది పాపా. ఇంక సూడలేను కదా అని” అంది.

మూడు దారులు వెతికాం మేము, అందరమూ ఆమెను పోనివ్వకుండా ఉంచడానికే. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళే వీలున్న దారి ఒక్కటే ఉంటే, దాన్ని అన్నం మానేసి మూయించింది నేను. ఆ తొమ్మిదేళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే నోరు చేదవుతుంది. ఎదురుపడితే, ‘ఒక్కసారి మీయమ్మను అడగవే, వెళ్ళాలని ఉందా అని’ అని చెప్పాలనిపిస్తుంది. అయినా అది వినదు లెండి. నన్ను చూసి కూడా పోలీసే అనుకుని, అమ్మ కాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.