యువరాజుగారి ఓడ మీద ఒక పూట

2011 వేసవిలో ఒక శనివారం పొద్దున్నే ఆరింటికి అమెరికాలో మేముండే క్యారీ నుంచి నార్ఫోక్ రేవుకి కారులో బయల్దేరాం. ఐరోపాలోని ఒక చిన్న రాజ్యపు తెరచాప ఓడ అక్కడి రేవుకి వచ్చింది. టికెట్ లేకుండా ఎవరైనా ఎక్కి చూడొచ్చు. దాని కెప్టెన్ ఆ దేశపు రాజుగారి రెండో కొడుకు. నాకు రాజులన్నా ఓడలన్నా పిచ్చి. నాతోపాటు నా కొలీగ్ లక్ష్మి, విశాఖ నుంచి ఆమె దగ్గరికొచ్చిన వాళ్ల నాన్న అప్పలరాజుగారు ఉన్నారు. ఆయన మన నేవీలో నావికుడిగా చేసి రిటైరయ్యారు.

అసలు ఈ ప్రయాణం ఆయన కోసమే. కుర్రతనంలో ఆ యువరాజు నేవీ విన్యాసాలకొచ్చి తమ ఓడలో వారం రోజులున్నాడని, తనకి బాగా తెలుసని ఆయన ఎప్పట్నుంచో చెబుతున్నారట. ఎలా తెలుసంటే మాత్రం నోరు విప్పరు. ఇంట్లో అదో వేళాకోళమైపోయింది.

"స్కూల్లో ఫ్రెండ్స్‌కి చెప్పి నవ్వులపాలయ్యాను. ఇవాళ ఆయన గుర్తుపట్టకపోతే ఇంక ఆ టాపిక్ క్లోజ్ నాన్నా," అంది లక్ష్మి. ఆయన కిటికీలోంచి చేలు చూస్తున్నారు. నాకైతే ఆ వారంలో ఏం జరిగిందో తెలుసుకోవాలని ఒకటే ఆత్రం.

దారిలో ఆగి పులిహోర తిని, తొమ్మిదిన్నరకి చేరాం. పార్కింగ్ పది డాలర్లు. పెద్ద బ్యాగులు తీసుకెళ్లకండి, వెనక్కి పంపేస్తారు. రేవు గట్టు మీద యువరాజు ఫొటోలు వరసగా పెట్టారు: పద్దెనిమిదేళ్లకి నేవీలో చేరినప్పటిది, డెక్ కడుగుతున్నది, కెప్టెన్ అయినప్పటిది. ఓడలో ఆయన్ని యువరాజని ఎవరూ పిలవరని, కెప్టెన్ అనే అంటారని కాపలా నావికుడు చెప్పాడు.

ఓడ ఎక్కగానే అప్పలరాజుగారు వెనకవైపు జెండాకేసి తిరిగి నిటారుగా నిలబడిపోయారు. మా వెనక క్యూ ఆగిపోయింది. లక్ష్మి సిగ్గుపడి ఆయన చొక్కా లాగింది.

"ఓడెక్కితే ముందు జెండాకే మర్యాదమ్మా. యువరాజైనా అంతే," అన్నారాయన.

డెక్ మీద నెరిసిన గడ్డంతో కెప్టెన్ జనంతో మాట్లాడుతున్నాడు. మీకు ఓడలో వాంతులయ్యాయా అని ఒక చిన్నపిల్ల అడిగింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, కుర్రతనంలో ఒక ఇండియన్ ఓడ మీద రెండు రోజులు పేగులు నోట్లోకొచ్చేలా కక్కుకున్నానని చెప్పాడు. రాజు కొడుకు కదా, పరువు పోతుందని ఓ మూల దాక్కున్నాడట. ఒక నావికుడు చూసి సొంఠి, బెల్లం తెచ్చిచ్చాడట.

"ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. అతని పేరు, మొహం గుర్తులేవు. కానీ చెప్పలేదు. చెప్పుంటే మా పేపర్లు నన్ను వదిలేవి కావు," అన్నాడు కెప్టెన్.

లక్ష్మి నోరు తెరిచి తండ్రికేసి చూసింది. వెళ్లి చెప్పండి అంకుల్ అని నేను భుజం తట్టాను. ఆయన కదల్లేదు. దిగేటప్పుడు కెప్టెన్ అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అప్పలరాజుగారు ఆ చేయి పట్టుకుని, "గుడ్ షిప్, సర్," అన్నారు. కెప్టెన్ థాంక్స్ చెప్పి మా వెనకవాళ్లకి చేయి చాపాడు. నాకు ఉసూరుమనిపించింది.

నాలుగింటికి తిరుగుదారి పట్టాం. యువరాజుని చూడాలని వెళ్లి, దారి పొడుగునా నేను అద్దంలో వెనకసీటునే చూస్తూ వచ్చాను. రేవు దాటాక లక్ష్మి మెల్లగా అడిగింది.

"నాన్నా, ఆ సొంఠి ఇచ్చింది నువ్వేనా?"

"ఆ మనిషి ఎవరికీ చెప్పలేదని ఆయనే అన్నాడు కదమ్మా," అన్నారు అప్పలరాజుగారు.